బెంజమిన్ షుల్జ్ దొరగారును, వాక్యమును కలుపు చిన్న మాటలును

మన చేతిలోనున్న తెలుగు బైబిలు ఒక్కరి కష్టము వలన వచ్చినది కాదు. దాని పుటల వెనుక అనేకుల కన్నీరును, దీపపు నూనెయు కలవు. వారిలో మొట్టమొదటివాడు జర్మనీ దేశస్థుడైన బెంజమిన్ షుల్జ్ గారు. క్రొత్త నిబంధనను గ్రీకునుండి తెలుగులోనికి మొదట తెచ్చినది ఆయనయే. ఆయన పేరు చరిత్ర పుస్తకములలో నున్నది గాని మన గ్రామ సంఘములలో ఎరిగినవారు కొద్దిమందియే. ఆయన జీవితమును చెప్పుచు, దానితోపాటు ఒక చిన్న సంగతిని కూడ చెప్పవలెనని యున్నది. అది కాబట్టి, అయితే, ఏలయనగా, మరియు అనునట్టి కలుపు మాటల సంగతి. వ్యాకరణము నేర్చినవారు వీటిని సముచ్చయములందురు. వాక్యము చదువునపుడు మనము తరచుగా దాటిపోవునవి ఇవే.

షుల్జ్ గారు 1689 వ సంవత్సరమున బ్రాండెన్‌బుర్గు సీమలోని సొన్నెన్‌బుర్గు అను ఊరిలో జన్మించెను. హాల్లె పట్టణములో విద్య నభ్యసించెను. ఆ దినములలో హాల్లెలో ఫ్రాంకె గారు అనాథ బాలుర కొరకు స్థాపించిన గొప్ప విద్యాసంస్థలుండెను. దేశాంతర సేవకు పోవువారు అనేకులు అక్కడనుండియే బయలుదేరుచుండిరి. అంతకు ముందే, 1706 లో, సీగెన్‌బాల్గ్, ప్లూషౌ అను ఇద్దరు హాల్లె వారు డెన్మార్కు రాజు పంపగా తమిళ దేశములోని తరంగంబాడికి వచ్చి పని మొదలుపెట్టియుండిరి. సీగెన్‌బాల్గ్ గారు తమిళ క్రొత్త నిబంధనను ముగించి అచ్చు వేయించిరి. పిమ్మట పాత నిబంధనను ఆరంభించి రూతు గ్రంథమువరకు తెచ్చి, 1719 ఫిబ్రవరిలో కన్నుమూసిరి. షుల్జ్ గారు అదే సంవత్సరము తరంగంబాడిలో దిగునప్పటికి పనివాడు సమాధిలో నుండెను, పని సగములో నుండెను. మిగిలిన పెద్ద సేవకుడు గ్రుండ్లర్ గారు కూడ 1720 లో చనిపోయిరి. ముప్పది యేండ్లు దాటిన ఈ క్రొత్త మనిషిమీద భారమంతయు పడెను.

తెగిన చోట దారమును అందుకొనుట ఆయన మొదటి పని. రూతు తరువాత వచ్చునది సమూయేలు మొదటి గ్రంథము. హెబ్రీ భాషలో ఆ గ్రంథపు మొదటి మాట ఎట్లు మొదలగునో తెలియునా? వావ్ అను ఒక్క అక్షరముతో. దానికి మన మరియు అని అర్థము. రూతు గ్రంథమును, దానికి ముందున్న యెహోషువ, న్యాయాధిపతులును అట్లే మొదలగును. క్రొత్త పుస్తకమైనను క్రొత్త కథ కాదనియు, వెనుకటి దానికే తరువాయి అనియు ఆ అక్షరము చెప్పుచున్నది. చనిపోయిన మనిషి విడిచిన చోట అందుకొన్న షుల్జ్ గారికి ఎదురైన మొదటి అక్షరము అదియే. ఆయన ఆ పనిని వదలలేదు. తమిళ పాత నిబంధన యంతయు 1728 నాటికి తరంగంబాడి అచ్చుకూటమునుండి భాగములు భాగములుగా వెలువడెను.

ఈ వావ్ అను దానికి గ్రీకులో కై అని పేరు. క్రొత్త నిబంధనలో అది ఇంచుమించు తొమ్మిదివేల పర్యాయములు వచ్చును. ముఖ్యముగా మార్కు సువార్తలో చూడుడి: ఆయన వాక్యములలో ఎక్కువ భాగము కై అనియే మొదలగును. యేసు వచ్చెను, మరియు పిలిచెను, మరియు వారు లేచిరి, మరియు వెంబడించిరి అన్నట్లు పరుగెత్తుచుండును. మన తెలుగు నడక అట్టిది కాదు. మన అవ్వ కథ చెప్పునపుడు, లేచి, మొగము కడుగుకొని, కుండ ఎత్తుకొని, బావికి పోయెను అనును గాని లేచెను మరియు కడిగెను మరియు ఎత్తెను అని చెప్పదు. చివర ఒక్కటే పూర్తి క్రియ, మిగిలినవన్నియు దానికి ఆనుకొని నడచును. పేర్లను కలుపవలెనన్నను మనకు వేరు మాట అక్కరలేదు. తండ్రియు కుమారుడును అని తోక చేర్చినను, తల్లీ పిల్లా అని దీర్ఘము తీసినను చాలును.

కావున తెలుగులోనికి మార్చువాడు ప్రతి కై దగ్గరను ఆగి ఆలోచింపవలెను. ప్రతిచోట మరియు అని వ్రాసినయెడల వినువాడు ఇది మన మాట కాదనుకొనును. క్రైస్తవుల ప్రార్థనలో మరియు ఎక్కువ అని మన పొరుగువారు నవ్వుట మీరు వినియుందురు. ఆ నవ్వులో కొంత న్యాయము లేకపోలేదు. అట్లని అన్నిటిని లేచి, పోయి, చూచి అని కలిపివేసినయెడల మార్కు చెప్పిన పనులలో ఒక్కొక్కటి విడిగా నిలువక, చివరి క్రియ నీడలో పడిపోవును. ఏది మేలు? రెండును కొన్నిచోట్ల మేలే. ఒక్కచోట మాత్రము మన భాష ఇతర భాషలకంటె గ్రీకుకు దగ్గరగా నున్నది. మత్తయి 28:19 లో వెళ్లుట గ్రీకున పూర్తి క్రియ కాదు, మన వెళ్లి వంటిదే. శిష్యులనుగా చేయుట అసలైన ఆజ్ఞ. దానిని ఇంగ్లీషువారు వెళ్లుడి, చేయుడి అని రెండు ఆజ్ఞలుగా చీల్చవలసి వచ్చెను. మనకు ఆ కష్టము లేదు.

షుల్జ్ గారి సంగతికి వత్తము. ఆయన భాషలయందు ఆశగలవాడు. భారత దేశములో విన్న సంస్కృత సంఖ్యలు లాటిను, జర్మను సంఖ్యలవలె నున్నవని 1725 లోనే గమనించి స్వదేశమునకు వ్రాసిరి. ఆ పోలిక మీద పెద్ద పండితులు పుస్తకములు వ్రాయుటకు ఇంకను చాలా కాలము పట్టెను. అయితే ఆయనకు తోటి పనివారితో పొసగలేదు. దీనిని దాచుటలో లాభము లేదు. పట్టుదల గల మనిషి, ఒంటరిగా పనిచేయువాడు. 1726 లో తరంగంబాడి విడిచి చెన్నపట్టణమునకు వచ్చెను. 1728 నుండి ఇంగ్లండులోని క్రైస్తవ జ్ఞానాభివృద్ధి సంఘమువారు ఆయన పనికి సహాయము చేసిరి. చెన్నపట్టణములో తెలుగువారు విస్తారముగా నుండిరి. తమిళులు వారిని వడుగులందురు, కనుక షుల్జ్ గారి వ్రాతలలో తెలుగు భాషకు ఆ వడుగు పేరే కనబడును. ఈ జనులకు దేవుని వాక్యము వారి మాటలో లేదని ఆయనకు తోచెను. 1730 రాకముందే క్రొత్త నిబంధనను, 1732 నాటికి పాత నిబంధనను తెలుగులో వ్రాసి ముగించిరి. ఆ మధ్యనే, 1728 లో, లాటిను భాషలో ఒక తెలుగు వ్యాకరణము కూడ వ్రాసిరి. అనువాదమును, వ్యాకరణమును ఒకే కాలమున వ్రాసిన సంగతి నాకు చాలా విలువగలదిగా తోచుచున్నది. ఆయనకు ముందు ఈ పనికి దారి వేసినవారు లేరు. రాళ్లు ఏరుచునే బాట నడిచినట్లు, మాటలను పొందుపరచు నియమములను వెదకుచునే వాక్యమును వ్రాసిరి.

కష్టము పెద్ద మాటలలో ఉండునని మనమనుకొందుము. కృప, విశ్వాసము, నీతి అనువాటికి తగిన మాట దొరకుట కష్టమే. కాని పెద్ద మాటను ఒకసారి నిశ్చయించుకొన్న తరువాత ప్రతిచోట అదియే వాడవచ్చును. చిన్న మాట అట్లు లొంగదు. పూర్వపు గ్రీకు వ్రాతప్రతులలో మాటకు మాటకు నడుమ ఎడము లేదు, చుక్కలు బహు తక్కువ. అధ్యాయములు 13 వ శతాబ్దములోను, క్రొత్త నిబంధన వచనముల అంకెలు 1551 లోను వచ్చినవి. అంతకుముందు చదువరికి ఎక్కడ మలుపు, ఎక్కడ కారణము, ఎక్కడ ముగింపు అని చూపినవి ఈ కలుపు మాటలే.

మన ఆరాంఘర్ చౌరస్తాను తలంచుకొనుడి. మెహదీపట్నమునుండి వచ్చు పి.వి. నరసింహారావు పైవంతెన అక్కడ దిగును. ఒక దారి షంషాబాదుకు, విమానాశ్రయమునకు పోవును. ఒకటి జంతు ప్రదర్శనశాల వైపు పోవును. బస్సు మంచిదైనను, టిక్కెట్టు కొన్నను, ఆ చౌరస్తాలో ఏ దారి పట్టెనో చూడనివాడు ఎక్కడికి చేరును? పౌలు పత్రికలలో అట్టి చౌరస్తాలు పుటకు పది యుండును. ఊన్ అనినయెడల కాబట్టి. దె అనినయెడల అయితే, లేదా ఇక. అల్ల అనినయెడల అది కాదు, ఇదియే అను గట్టి మలుపు. గార్ అనినయెడల ఏలయనగా. ఈ గార్ అను మాట మన గారు వలె వినబడును. చిత్రమేమనగా, మన గారు వలెనే అదియు వాక్యములో ఎన్నడును మొదట నిలువదు, మరియొక మాట వెనుకనే వచ్చును.

గార్ మన అనువాదకులకు పెట్టిన చిక్కు ఇది. తెలుగువాడు కారణమును ముందు చెప్పును: చెరువు నిండినది గనుక నాట్లు వేసితిమి. గ్రీకువాడు సంగతి ముందు చెప్పి కారణమును వెనుక తెచ్చును: నాట్లు వేసితిమి, ఏలయనగా చెరువు నిండినది. ఒక్క వాక్యమైతే తిరుగవేయవచ్చును. రోమా 1:16 నుండి 18 వరకు చూచినయెడల నాలుగు గార్‌లు వరుసగా నున్నవి. రోమాలో సువార్త ప్రకటింప పౌలు సిద్ధముగా నున్నాడు, ఏల? దానిని గూర్చి సిగ్గుపడడు. ఏల సిగ్గుపడడు? అది రక్షించు దేవుని శక్తి. ఏల శక్తి? దేవుని నీతి దానిలో బయలుపడును. ఆ నీతి ఏల కావలెను? దేవుని ఉగ్రత మనుష్యుల దుర్మార్గముమీద బయలుపడుచున్నది. ఒక్కొక్క మెట్టు దిగి పునాది వరకు పోవుచున్నాడు. దీనిని తెలుగు పద్ధతిలో తిరుగవేసినయెడల ఉగ్రతతో మొదలై పౌలు ప్రయాణముతో ముగియును. అప్పుడు అర్థము చెడదు గాని దిగుట పోయి ఎక్కుట యగును. అందుచేత ఏలయనగా అను మాటను ముందు పెట్టి గ్రీకు వరుసను నిలిపిరి. ఆ మాట ఇంటిలో ఎవరును వాడనిదైనను ఇక్కడ దాని పని అది చేయుచున్నది. దానిని తీసివేయవలెనని చెప్పువారితో నేను ఏకీభవింపను.

యోహాను 3:16 ను మన సండే స్కూలు పిల్లలందరు కంఠస్థము చేసియున్నారు. గ్రీకులో ఆ ఒక్క వచనములో నాలుగు కలుపు మాటలున్నవి. మొదటిది గార్. అది ఈ వచనమును పైనున్న మోషే ఎత్తిన సర్పపు సంగతితో ముడివేయుచున్నది. ఆ ముడి మన పిల్లలలో ఎందరికి తెలియును? తరువాత హోస్తె, హినా అను రెండు కలవు. ఈ రెంటికి భేదము రైతుకు సులభముగా తెలియును. వాన కురియగా చెరువు నిండెను అనుట హోస్తె, అది జరిగిన ఫలితము. చెరువు నిండునట్లు కాలువ త్రవ్విరి అనుట హినా, అది ఉద్దేశ్యము. దేవుడు ప్రేమించగా ఆ ప్రేమ ఫలితమే కుమారుని ఇచ్చుట. ఇచ్చుటలోని ఉద్దేశ్యము విశ్వసించువాని జీవము. నాలుగవది అల్ల. నశించుటను ఒక ప్రక్కను, నిత్యజీవమును మరియొక ప్రక్కను నిలిపి రెంటి నడుమ గట్టు వేయుచున్నది.

సమాధి కార్యక్రమములలో మనము చదువు 1 కొరింథీ 15 వ అధ్యాయములో ఇంకొకటి యున్నది. పండ్రెండవ వచనమునుండి పౌలు లేకపోయినయెడల, లేకపోయినయెడల అని వరుసగా చెప్పుచు పోవును. క్రీస్తు లేవనియెడల ప్రకటన వ్యర్థము, విశ్వాసము వ్యర్థము, నిద్రించినవారు నశించిరి, మనము అందరికంటె దౌర్భాగ్యులము. శవము ముందు నిలిచి వినువానికి ఆ మాటలు గుండెలో దిగును. అప్పుడు ఇరువదియవ వచనములో రెండు చిన్న మాటలు వచ్చును. గ్రీకులో నూని దె, అనగా అయితే ఇప్పుడు. అంతవరకు పేర్చిన చీకటి యంతయు ఆ రెంటి దగ్గర తిరుగును. చదువువాడు అక్కడ తొందరపడి దాటిపోయినయెడల ఏడ్చుచున్నవారికి రావలసిన ఆదరణలో సగము పోవును. ఇక అధ్యాయపు చివర, 58 వ వచనములో, హోస్తె వచ్చును. ఈసారి వాక్యము మొదట నిలిచి, కాబట్టి అని పలుకును. మృతులు లేతురు, కాబట్టి పని మానకుడి. తరువాత 16 వ అధ్యాయము వచ్చి దె అను మాటతో పేదల కొరకైన చందా సంగతి ఎత్తును. అధ్యాయపు అంకె నడుమ పడుటచేత పునరుత్థానమునకును కానుకకును సంబంధము లేదని తోచును. కానుక దినమున ప్రసంగించువారికి ఆ అంకె కొంత నష్టము చేసినదని చెప్పవలెను!

మన ఊళ్ల మాటలో ఇవి లేవనుకొనకుడి. ఆరాంఘర్, షంషాబాదు చుట్టుపట్ల పెద్దలు పంచాయితీలో మాటలాడునపుడు మల్ల, గని, గందుకే అని నిలిపి నిలిపి చెప్పుదురు. వాడు పేదోడు గని దొంగ కాదు అనుటకును, వాడు పేదోడు గందుకే దొంగ అనుటకును ఎంత దూరమున్నది! మాట ఒక్కటి మారగా మనిషి పరువు పోయెను.

షుల్జ్ గారి తెలుగు ఎట్టిది? పండితులు మెచ్చినది కాదు. ఆయన తమిళము ముందు నేర్చి, తమిళ దేశపు పట్టణములోనే తెలుగు వినిరి. గోదావరి తీరముగాని, తెలంగాణముగాని ఆయన నివసించిన చోటులు కావు. వీధిలో విన్న మాట వీధిలో విన్నట్లే వ్రాసిరి. 1743 లో, ఇరువదినాలుగేండ్ల సేవ తరువాత, ఆయన హాల్లెకు తిరిగిపోయిరి. చెన్నపట్టణపు పనిని అంతకు కొద్దిగా ముందు వచ్చిన ఫబ్రీషియస్ గారు అందుకొనిరి. హాల్లెలో తెలుగు అక్షరములు పోత పోయించి 1746, 1747 సంవత్సరములలో చిన్న పుస్తకములు కొన్ని అచ్చు వేయించిరి. వాటిలో ఒకదాని పేరు మోక్షానికి కొంచుపొయ్యే దోవ. చూడుడి, ఆ పేరే మనుష్యుల నోటి మాట! తెలుగు అక్షరములతో అచ్చయిన మొదటి పుస్తకములు ఇవియే. దక్షిణాది ముస్లిములు మాటలాడు హిందూస్తానీకి కూడ ఆయన వ్యాకరణము వ్రాయగా అది 1745 లో హాల్లెలో వెలువడెను. మన చౌరస్తాలో నేటికిని తెలుగుతో కలిసి వినబడు దక్కనీ ఆ భాషకు చుట్టమే.

బైబిలు మాత్రము అచ్చు కాలేదు. అనువాదము ముగిసిననాటికి ఈ దేశములో తెలుగు అచ్చు అక్షరములు లేవు. హాల్లెలో అక్షరములు సిద్ధమైనప్పుడును చిన్న పుస్తకములే వెలువడినవి గాని ఆ పెద్ద గ్రంథము వంతు రాలేదు. ఏండ్లతరబడి ప్రతి కై దగ్గరను, ప్రతి గార్ దగ్గరను ఆగి వ్రాసిన కాగితములు కాగితములుగానే మిగిలినవి. తాను సీగెన్‌బాల్గ్ గారి తెగిన దారమును అందుకొన్నట్లు తన దారమును అందుకొనువాడు ఆయన జీవితకాలములో రాలేదు. 1760 నవంబరులో హాల్లెలో మరణించెను.

1805 లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషను వారు తెలుగు అనువాదమును మరల మొదటినుండి ఆరంభించిరి. తెలుగు క్రొత్త నిబంధన 1818 లో అచ్చయ్యెను. సంపూర్ణ బైబిలు 1854 లో చెన్నపట్టణమున వెలువడెను. షుల్జ్ గారు 1728 లో వ్రాసిన ఆ లాటిను వ్యాకరణము హాల్లె వారిచేత 1984 లో, అనగా 256 సంవత్సరముల తరువాత, అచ్చయ్యెను.